ఇంట్లో అందరికీ ఒకే ఛార్జర్: సీ టైప్‌కి మారేటప్పుడు ఏం చూడాలి, ఎలా కొనాలి

కొత్త ఫోను డబ్బా విప్పితే ఈ మధ్య చాలావాటిలో వైరు తప్ప ఛార్జర్ ఉండటం లేదు. దాంతో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఏదో ఒక సెల్ షాపుకి వెళ్ళి "సీ టైప్ ఛార్జర్ ఒకటి ఇవ్వండి" అని అడుగుతాం. "ఏ ఫోనుకైనా పడిపోద్ది బాబూ" అంటూ కొట్టాయన ఒకటి తీసి చేతిలో పెడతాడు. ఆ మాటలో సగం నిజం. పిన్ను ఏ ఫోనుకైనా పడుతుంది. కానీ పిన్ను పట్టినంత మాత్రాన ఆ ఛార్జర్ మీ ఫోనుకి సరిపడా పవర్ ఇస్తుందని కాదు, లాప్‌టాప్‌కి ఇస్తుందని అసలే కాదు. ఆ మిగతా సగం కొనేవాళ్ళే చూసుకోవాలి. అది చూడటం తెలిస్తే ఇంట్లో మూలమూలనా ఉన్న ఛార్జర్ల బదులు మంచిది ఒక్కటి చాలు.

రూలు ఎక్కడిది, మనదాకా ఎలా వచ్చింది

అందరికీ ఒకే పోర్టు ఉండాలన్న చట్టం యూరప్‌ది. 2009లోనే అక్కడ ఫోను కంపెనీలతో స్వచ్ఛంద ఒప్పందం ఒకటి కుదిర్చారు. 30 రకాల ఛార్జర్లు 3 రకాలకి తగ్గాయి గానీ కథ అక్కడే ఆగిపోయింది. చివరికి 2022 అక్టోబరు 4న యూరోపియన్ పార్లమెంటు చట్టానికే ఓటు వేసింది. అనుకూలంగా 602 ఓట్లు, వ్యతిరేకంగా 13. దాని ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్లు, ఇయర్‌బడ్స్, చిన్న స్పీకర్లు, కీబోర్డులు, మౌస్‌లు వైరుతో ఛార్జ్ అయ్యేవైతే సీ టైప్ పోర్టుతోనే రావాలి. లాప్‌టాప్‌లకి గడువు 2026 ఏప్రిల్ 28. 2012 నుంచి లైట్నింగ్ అనే తన సొంత పిన్ను పట్టుకుని కూర్చున్న ఐఫోన్, 2023 సెప్టెంబరులో 15వ మోడల్‌తో సీ టైప్‌కి వచ్చింది ఈ చట్టం ఒత్తిడి వల్లే. యూరప్‌కి ఒక మోడల్, మనకి ఒకటి అని విడివిడిగా తయారు చేస్తే కంపెనీకి ఖర్చు. అందుకే ఆ చట్టం ఫలితం పలాస, బొబ్బిలి కొట్లలోకి కూడా వచ్చేసింది.

ఆ చట్టంలో పోర్టు సంగతే అందరికీ తెలిసింది. నా దృష్టిలో అంతకన్నా విలువైనవి ఇంకో రెండు ఉన్నాయి. 15 వాట్లకి మించి ఛార్జ్ అయ్యే పరికరం ఏదైనా యూఎస్‌బీ పవర్ డెలివరీ, పొట్టిగా పీడీ, అనే ఉమ్మడి పద్ధతికి పనిచేయాలి. కంపెనీ తన సొంత ఫాస్ట్ ఛార్జింగ్ అదనంగా పెట్టుకోవచ్చు గానీ పీడీని వదిలేయడానికి వీల్లేదు. ఇక రెండోది, ఛార్జర్ వద్దనుకుంటే అది లేకుండా పరికరం కొనుక్కునే వీలు కొనేవాళ్ళకి ఉండాలి. లోపల ఛార్జర్ ఉందో లేదో తెలిపే బొమ్మ, పరికరానికి కనీసం ఎన్ని వాట్లు కావాలి, గరిష్ఠంగా ఎన్ని తీసుకుంటుంది అన్న అంకెలు కొనేముందే కనిపించాలి. ఈ అంకెలే మనకి అసలైన ఆధారం.

మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 నవంబరు 16న కంపెనీల సంఘాలతో సమావేశం పెట్టింది. స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లు, లాప్‌టాప్‌లకి సీ టైప్ ఉండాలని, కీప్యాడ్ ఫోన్లకి వేరే ఉమ్మడి ఛార్జర్ సంగతి చూడాలని అక్కడ ఏకాభిప్రాయం వచ్చింది. 2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, సీ టైప్ పిన్నుకీ వైరుకీ భారతీయ ప్రమాణాన్ని ప్రకటించింది. పోర్టు ఎలా తయారు చేయాలో ఆ ప్రమాణం చెబుతుంది. మీ ఇంట్లో ఉన్న వాటికి ఏది సరిపోతుందో మాత్రం మీరే తేల్చుకోవాలి. ఇక పనిలోకి దిగుదాం.

ముందు ఇంట్లో ఉన్నవన్నీ బయటికి తీయండి

ఏదైనా కొనేముందు ఇంట్లో ఉన్న ఛార్జర్లు, వైర్లు అన్నీ చాప మీద పోయండి. ఛార్జ్ చేసుకునే వస్తువులన్నీ పక్కన పెట్టండి. ఫోన్లు, పిల్లల టాబ్, లాప్‌టాప్, నెక్‌బ్యాండ్, ట్రిమ్మర్, ఎమర్జెన్సీ లైటు, దోమల బ్యాటు, ఏదీ వదలొద్దు. సీ టైప్ ఉన్నవి ఒక పక్క, పాత సన్న యూఎస్‌బీ పిన్ను ఉన్నవి ఒక పక్క, గుండ్రటి పిన్ను ఉన్నవి ఇంకో పక్క. మామ్మగారి కీప్యాడ్ ఫోను దాదాపు ఖాయంగా రెండో కుప్పలోకి వస్తుంది. దాన్ని మార్చాల్సిన పని లేదు.

తర్వాత సీ టైప్ వస్తువులు ఒక్కొక్కటీ ఎన్ని వాట్లు తీసుకుంటాయో కాగితం మీద రాసుకోండి. ఫోను డబ్బా మీదో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో ఉంటుంది. లాప్‌టాప్‌కి అడుగు భాగాన గానీ దాని అడాప్టర్ మీద గానీ ఉంటుంది. లాప్‌టాప్‌కి సీ పోర్టు ఉన్నా అది ఛార్జింగ్‌కి పనికొస్తుందో, ఫైళ్ళు ఎక్కించడానికి మాత్రమేనో ముందే తెలుసుకోండి. పోర్టు పక్కన ప్లగ్గు బొమ్మో బ్యాటరీ బొమ్మో ఉంటే సాధారణంగా ఛార్జింగ్ ఉన్నట్టే. బొమ్మ లేకపోతే మాన్యువల్ చూడాలి.

అడాప్టర్ మీద రాత చదవడం

ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. అడాప్టర్ మీద రాత లేత బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కళ్ళు చికిలించుకోవద్దు, ఫోనుతో ఫొటో తీసి రెండు వేళ్ళతో పెద్దది చేసుకోండి. మొదట ఇన్‌పుట్ అన్న లైను. 100 నుంచి 240 వోల్టులు అని ఉండాలి. సాయంత్రం లో వోల్టేజికి ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతున్నా ఫోను మాత్రం ఛార్జ్ అవుతూనే ఉండటం చూసే ఉంటారు, కారణం ఇదే.

దాని కింద అవుట్‌పుట్ అన్న లైను. మనకి కావాల్సింది ఇది. ఒక అడాప్టర్ మీద 5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 3 ఆంపియర్లు, 15 వోల్టులు 3 ఆంపియర్లు, 20 వోల్టులు 3.25 ఆంపియర్లు అని వరసగా ఉందనుకోండి. వోల్టుల్ని ఆంపియర్లతో హెచ్చవేయండి. 15, 27, 45, 65 వాట్లు వస్తాయి. ఈ 5, 9, 15, 20 మెట్లు కనిపిస్తే అది పీడీ ఛార్జర్ అన్నమాట. ఇంకో అడాప్టర్ మీద 5 వోల్టులు 2 ఆంపియర్లు, 10 వోల్టులు 6.5 ఆంపియర్లు అని ఉందనుకోండి. హెచ్చవేస్తే ఇదీ 65 వాట్లే. అయితే 10 వోల్టుల మెట్టు పీడీది కాదు, ఆ కంపెనీ సొంతది. ఆ కంపెనీ ఫోనుకి పెడితే జోరుగా ఎక్కుతుంది. వేరే ఫోనుకి పెడితే కింది మెట్టుకి, అంటే 10 వాట్లకి, దిగిపోతుంది. లాప్‌టాప్ అయితే చాలాసార్లు అసలు తీసుకోదు. రెండు డబ్బాల మీదా పెద్దక్షరాలతో 65 వాట్లనే ఉంటుంది. తేడా తెలియాలంటే ఈ చిన్న లైను చదవాల్సిందే.

మూడో రకం రాత ఒకటి ఉంది. 3.3 నుంచి 11 వోల్టులు అని ఒకే అంకె కాకుండా ఒక పరిధి రాసి ఉంటుంది. దాన్ని పీపీఎస్ అంటారు. శామ్‌సంగ్ ఫోన్లలో కొన్నిటికి పూర్తి స్పీడు రావాలంటే ఇది ఉండాలి. మీ ఇంట్లో అలాంటి ఫోను ఉంటే పీడీతో పాటు ఇది కూడా ఉన్న అడాప్టర్ అడగండి.

"పెద్ద ఛార్జర్ పెడితే బ్యాటరీ ఉబ్బిపోద్దండీ" అనే భయం మన దగ్గర చాలామందిలో ఉంది. పీడీ ఛార్జర్ విషయంలో ఆ భయం అక్కర్లేదు. వైరు పెట్టగానే ఛార్జర్ 5 వోల్టులతోనే మొదలవుతుంది. తన దగ్గర ఏ మెట్లు ఉన్నాయో ఫోనుకి చెబుతుంది, ఫోను తనకి కావాల్సింది అడుగుతుంది, అడిగాకే వోల్టేజి పెరుగుతుంది. 18 వాట్ల ఫోనుకి 65 వాట్ల పీడీ అడాప్టర్ పెట్టినా ఫోను తీసుకునేది తన 18 వాట్లే. బ్యాటరీని పాడుచేసేది వేడి. దిండు కింద పెట్టి ఛార్జ్ చేయడం, ఎండలో బైకు హోల్డర్‌కి తగిలించి ఛార్జ్ చేయడం మానేయండి.

ఎన్ని వాట్లది కొనాలి

ఇంట్లో ఫోన్లు మాత్రమే ఉంటే 25 నుంచి 33 వాట్ల పీడీ అడాప్టర్ చాలు. సీ టైప్‌తో ఛార్జ్ అయ్యే లాప్‌టాప్ ఉంటే 65 వాట్లది తీసుకోండి. ఒక సీ పోర్టు, ఒక పాత వెడల్పు పోర్టు రెండూ ఉన్నదైతే కీప్యాడ్ ఫోను కూడా దానికే తగిలించొచ్చు. కాకపోతే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రెండు పోర్టులూ ఒకేసారి వాడితే వాట్లు పంచుకుంటాయి. 65 వాట్లది 45, 20గా విడిపోవచ్చు. ఎలా పంచుకుంటుందో డబ్బా వెనక రాసి ఉంటుంది. ఆ రాత లేని డబ్బాని నేనైతే కొనను.

వైరు విషయంలో పొదుపు చేయొద్దు

మంచి అడాప్టర్ కొని, దానికి దొరికిన వైరు తగిలించి, "స్పీడు రావట్లేదు" అనుకునేవాళ్ళే ఎక్కువ. పీడీ పనిచేయాలంటే వైరుకి రెండు వైపులా సీ పిన్నే ఉండాలి. ఒక వైపు వెడల్పు పిన్ను ఉన్న వైరుతో పీడీ రాదు. మామూలు సీ టు సీ వైరు 3 ఆంపియర్లు, అంటే 60 వాట్ల వరకు మోస్తుంది. అంతకు మించి కావాలంటే 5 ఆంపియర్ల వైరు కావాలి. దాని పిన్నులో ఒక చిన్న చిప్ ఉండి, నేను ఇంత మోయగలను అని ఛార్జర్‌కి చెబుతుంది. ఆ చిప్ లేకపోతే ఛార్జర్ 5 ఆంపియర్లు ఇవ్వదు. వైరు ప్యాకెట్ మీద 60, 100, 240 వాట్లలో ఏ అంకె ఉందో చూడండి. ఏ అంకే లేకపోతే పక్కన పెట్టేయండి.

పొడవు విషయంలో, మంచం దాకా రావాలని మూడు మీటర్ల చవక వైరు కొంటే ఆ పొడవుకి వోల్టేజి పడిపోయి ఛార్జింగ్ నెమ్మదిస్తుంది. ఒక మీటరు మంచిది, మరీ కావాలంటే రెండు. ఫోనులోని ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించే అవసరం ఉంటే "డేటా కూడా పోతుందా" అని కొట్లోనే అడగండి. ఛార్జింగ్ మాత్రమే చేసే వైర్లు కూడా అమ్ముతారు.

ఇంకో చిక్కు చాలామందిని తికమక పెడుతుంది. దోమల బ్యాటుకో, చిన్న ఫ్యానుకో, ట్రిమ్మర్‌కో సీ పోర్టు ఉంటుంది. సీ టు సీ వైరు పెడితే చార్జింగ్ లైటే వెలగదు. పాడైందని తిరిగి ఇచ్చేస్తారు. నిజానికి అది పాడవలేదు. సీ పోర్టులో రెండు చిన్న రెసిస్టర్లు ఉండాలి, అవి ఉంటేనే అవతల ఏదో తగిలించారని ఛార్జర్‌కి తెలుస్తుంది. పైసల ఖరీదు చేసే ఆ రెండిటినీ చవక వస్తువుల తయారీదారులు మానేస్తారు. అలాంటివి ఒక వైపు వెడల్పు పిన్ను, ఒక వైపు సీ పిన్ను ఉన్న పాత రకం వైరుతో ఛార్జ్ అవుతాయి. కాబట్టి సీ టు సీకి మారినా అలాంటి వైరు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కొత్తవి కొనేటప్పుడు మాత్రం సీ టు సీ వైరు వెంట తీసుకెళ్ళి కొట్లోనే పెట్టి చూసి తీసుకోండి.

కొట్లో ఏం చేయాలి

అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు వెతకండి. ఫోన్ల అడాప్టర్లకి, పవర్ బ్యాంకులకి మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుర్తు కింద ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం, గీత, ఆ పక్కన ఎనిమిది అంకెలు ఉంటాయి. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని అందులో ఆర్ నంబరు సరిచూసే చోట ఆ అంకెలు కొట్టండి. ఏ కంపెనీ, ఏ వస్తువు అన్నది వస్తుంది. చేతిలో ఉన్న అడాప్టర్ పేరు ఒకటి, యాప్‌లో వచ్చిన పేరు ఇంకొకటి అయితే అక్కడే తిరిగి ఇచ్చేయండి. దొంగ నంబర్లు అచ్చువేయడం కష్టం కాదు, అందుకే గుర్తు చూసి ఆగిపోకుండా నంబరు కొట్టి చూడాలి. ఒక్క నిమిషం పని.

తర్వాత మీ ఫోనుకే పెట్టించి చూడండి. ఫాస్ట్ ఛార్జింగ్ అన్న మాట స్క్రీన్ మీద రావాలి. ఫోను బ్యాటరీ బాగా నిండి ఉన్నప్పుడు స్పీడు తానే తగ్గించుకుంటుంది కాబట్టి సగం కన్నా తక్కువ ఉన్నప్పుడు వెళ్ళడం మంచిది. ఆఖరిగా, బిల్లు అడగండి. "ఛార్జర్‌కి బిల్లేటండీ" అన్నా సరే, మొహమాటపడకుండా తీసుకోండి. బిల్లు మీద కంపెనీ పేరు, వాట్లు, వారంటీ రాయించండి.

గల్ఫ్ నుంచి వచ్చిన ఛార్జర్లు

సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళు లేని వీధి అరుదు. వాళ్ళు తెచ్చిన అడాప్టర్లకి మూడు చదరపు పిన్నులు ఉంటాయి, మన బోర్డుల్లో దూరవు. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని ఉంటే కరెంటు పరంగా ఇబ్బంది లేదు, సాకెట్ ఆకారమే తేడా. చవక కన్వర్టర్ తగిలిస్తే అది వదులై చిటపటలాడి కాలిపోయే ప్రమాదం ఉంది. మార్గం సులువు: ఆ ఫోను, ఆ సీ టు సీ వైరు అలాగే వాడండి, అడాప్టర్ మాత్రం ఇక్కడ బీఐఎస్ గుర్తున్నది కొనండి. తిరిగి వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. పవర్ బ్యాంకుని చెక్-ఇన్ సామాన్లలో పెట్టనివ్వరు, చేతి బ్యాగులో పెట్టుకోవాలి. మామూలుగా 100 వాట్-అవర్ల లోపుండాలి, ఆ అంకె దాని మీదే ఉంటుంది.

తుపాను ముందు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసినవాళ్ళకి కరెంటు లేకుండా రోజులు గడపడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కొబ్బరి చెట్లు, స్తంభాలు ఒకదాని మీద ఒకటి పడిపోయి ఉన్నప్పుడు ఎక్కడో ఒక జనరేటర్ తిరుగుతుంటే ఊరంతా అక్కడికే ఫోన్లు పట్టుకుని వెళ్ళింది. ఎవరి పిన్ను వాళ్ళది అయితే ఆ జనరేటర్ దగ్గర వరస కదలదు. అందరిదీ ఒకే పిన్ను అయితే నాలుగు పోర్టుల అడాప్టర్ ఒక్కటి నాలుగిళ్ళ ఫోన్లకి ప్రాణం పోస్తుంది. ఒకే పోర్టు రూలు వల్ల మన తీరానికి దక్కే పెద్ద లాభం ఇదేనని నా నమ్మకం.

కాబట్టి పవర్ బ్యాంకు కొనేటప్పుడు నిండటానికీ ఇవ్వటానికీ సీ పోర్టే ఉన్నది తీసుకోండి. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని పెద్దగా ఉన్నా, కింద రేటెడ్ కెపాసిటీ అని చిన్నగా ఉన్న అంకె చూడండి. అది 6,000 అటూఇటూ ఉంటుంది. మోసమేమీ కాదు, లోపలి 3.7 వోల్టుల బ్యాటరీని 5 వోల్టులకి పెంచితే మిగిలేది అంతే. మీ ఫోనుకి ఎన్నిసార్లు వస్తుందో ఆ చిన్న అంకెతో లెక్కవేసుకోండి. తుపాను హెచ్చరిక రాగానే నింపిపెట్టండి. సీ టు సీ వైరు ఒకటి దగ్గరుంటే చాలా ఫోన్ల మధ్య ఒకదాని నుంచి ఇంకోదానికి కూడా ఛార్జ్ ఎక్కించొచ్చు. నెమ్మదిగానే ఎక్కుతుంది, కానీ ఒక ఫోను చేసుకోవడానికి సరిపోతుంది. పిడుగుల హెచ్చరిక మెసేజ్ వచ్చినప్పుడు, కరెంటు పోయి వస్తున్నప్పుడు అడాప్టర్‌ని బోర్డు నుంచి పీకేయండి.

పోర్టు వదులైతే

"ఛార్జింగ్ పిన్ను పోయింది, మార్చాలి" అని డబ్బులు ఇచ్చేముందు ఫోను ఆఫ్ చేసి, టార్చి వేసి పోర్టులోకి చూడండి. జేబులోని నూలు, దుమ్ము అడుగున గట్టిగా అణిగిపోయి ఉంటే పిన్ను పూర్తిగా లోపలికి దిగదు. చెక్క టూత్‌పిక్‌ని సన్నగా చెక్కి, పక్క గోడల వెంబడి నెమ్మదిగా బయటికి లాగండి. మధ్యలో పలచటి నాలుకలాంటి ముక్క ఉంటుంది, అన్ని కాంటాక్టులూ దాని మీదే. దాన్ని తాకొద్దు. గుండుసూది, పిన్నీసు అసలు పెట్టొద్దు. కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి తీరపు ఊళ్ళల్లో ఉప్పుగాలికి పోర్టులు పచ్చబడతాయి. ఫోను తడి హెచ్చరిక చూపిస్తే పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని తట్టి, గాలికి ఆరనివ్వండి. బియ్యంలో పెట్టొద్దు, నూక పోర్టులో దూరుతుంది.

పాతవి ఏం చేయాలి

వాడకుండా పారేసే ఛార్జర్ల చెత్తే ఏటా 11,000 టన్నులని యూరప్ వేసుకున్న లెక్క. మన దగ్గర 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని రీసైక్లింగ్‌కి చేర్చే బాధ్యత తయారీదారులది. కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్ళినప్పుడు పాత ఛార్జర్లు తీసుకుంటారేమో అడగండి. రాగి కోసం వైర్లు కాల్చేవాళ్ళకి మాత్రం ఇవ్వొద్దు. ఆ ప్లాస్టిక్ పొగ విషం, పక్కన ఆడుకునే పిల్లలే ముందు పీలుస్తారు.

మోసపోతే

కొన్నది డబ్బా మీద రాసినట్టు పనిచేయకపోతే, నకిలీ అని తేలితే, ముందు అమ్మినవాళ్ళకి బిల్లు, ఫొటోలతో చెప్పండి. వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. 2019 చట్టం వచ్చాక, కొన్నది ఆన్‌లైన్‌లో అయినా, కంపెనీ ఢిల్లీలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే వేసుకునే హక్కు ఉంది. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. అందుకని ఆ బిల్లుని ఇంటికి రాగానే ఫొటో తీసి పెట్టుకోండి. కొట్లో ఇచ్చే కాగితం మీద అచ్చు కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది.